11 గళ్ళు, 9 వరసలు

పైన ‘ఐఐటీ’ అని అచ్చువేసి ఉన్న చిప్పును నేను మొదటిసారి చూసింది 1992లో, విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు. మా ల్యాబులో ఉన్న 386 కంప్యూటర్లలో ఒక్కదానికే మ్యాథ్ కో-ప్రాసెసర్, అంటే లెక్కల కోసమే పెట్టే తోడు చిప్పు ఉండేది. డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ ఆ ఒక్క మెషీన్ మీదే నడిచేది కాబట్టి, దాని ముందు కూర్చోవడానికి పేర్లు రాసుకుని వంతులు వేసుకునేవాళ్ళం. ఒకరోజు దుమ్ము దులపడానికి ల్యాబ్ అసిస్టెంట్ గారు మూత విప్పితే అందరం చుట్టూ మూగాం. నల్లగా, చదరంగా, అరచేతిలో పట్టేంత చిప్పు. దాని మీద ఇంగ్లీషులో ఐఐటీ అని, కింద 3సీ87 అని.

మద్రాసు ఐఐటీ వాళ్ళు చేసిందే అనుకున్నాం. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇంటెల్ చిప్పు పక్కన మనవాళ్ళ చిప్పు కూర్చుని లెక్కలు చేస్తోందన్న సంబరంతో, ఆ వారం నాన్నకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లో సగం అదే రాశాను. నాన్న ఆ ఉత్తరాన్ని రచ్చబండ దగ్గర నలుగురికీ చదివి వినిపించాడట. మా ఊరు తెనాలికి దగ్గర్లో ఉన్న చిన్న పల్లె. అక్కడ అప్పట్లో ఎవరింటికి ఉత్తరం వచ్చినా ఊరంతటికీ వచ్చినట్టే.

ఆ ఐఐటీ మన ఐఐటీ కాదని ఐదేళ్ళ తర్వాత తెలిసింది, అదీ ఆ కంపెనీ గుమ్మం ముందే.

1996లో హెచ్-1బీ మీద అమెరికా వచ్చి, కాలిఫోర్నియాలో శాంటా క్లారాలో ఒక చిన్న చిప్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. రోజూ 101 ఫ్రీవే దిగి మిషన్ కాలేజ్ బులెవార్డ్ మీదుగా వెళ్ళేవాణ్ణి. అదే రోడ్డులో ఇంటెల్ హెడ్ ఆఫీసు. ఇంకాస్త ముందుకెళితే ఒక బిల్డింగు మీద ‘8×8’ అని బోర్డు ఉండేది. ఎయిట్ బై ఎయిట్. ఎక్కాల పుస్తకంలోంచి చింపి తెచ్చినట్టున్న ఈ పేరేమిటా అని చాలా రోజులు అనుకున్నాను. మా ఆఫీసులో నా పక్క సీటు ఆయన తైవాన్ మనిషి, చిప్పుల వ్యాపారంలో తలపండినవాడు. ఆయన్ను అడిగితే చెప్పాడు: అది పాత కంపెనీయే, మొన్న మొన్ననే పేరు మార్చుకున్నారు, అంతకు ముందు దాని పేరు ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. మూడు మొదటి అక్షరాలూ కలిపి చదివితే ఐఐటీ. ఇంటెల్ వాళ్ళ కో-ప్రాసెసర్ 387కు పోటీగా 3సీ87 చేసింది వాళ్ళేనట.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు కారు పక్కన ఆపి ఆ బోర్డు కేసి కాసేపు చూశాను. మేం వంతులు వేసుకుని కూర్చున్న మెషీన్‌లోని చిప్పు ఇక్కడివాళ్ళదా అనిపించింది.

ఆ కంపెనీని 1987లో వై.డబ్ల్యూ. సింగ్, చి-షిన్ వాంగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు మొదలుపెట్టారు. ఇద్దరూ అంతకు ముందు వైటెక్‌లో పనిచేసినవాళ్ళే. ఆ వైటెక్ కూడా లెక్కల చిప్పులకు పేరుపడ్డ కంపెనీ. వీళ్ళ 3సీ87లో ఇంటెల్ దాంట్లో లేని ఒక ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్ ఉండేది. నాలుగు వరసల, నాలుగు నిలువుల మ్యాట్రిక్స్ గుణకారాన్ని ఒక్క దెబ్బకు చేసేసేది. బొమ్మల్ని తిప్పడానికి, పెంచడానికి, జరపడానికి అలాంటి గుణకారమే కావాలి. వీడియో జోలికి వెళ్ళకముందే వాళ్ళ చూపు బొమ్మల మీద ఉందని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఈలోగా ఇంటెల్ 486లో లెక్కల భాగాన్ని మెయిన్ చిప్పులోనే కలిపేసింది. విడిగా కో-ప్రాసెసర్ కొనే అవసరం పోయింది. అలాంటప్పుడు చేతులు ముడుచుకు కూర్చోకుండా వీళ్ళు గ్రాఫిక్స్ చిప్పులు చేశారు, వీడియోను నొక్కి చిన్నది చేసే చిప్పులు చేశారు. విజన్ ప్రాసెసర్ అన్నారు, వీడియో కమ్యూనికేషన్స్ ప్రాసెసర్ అన్నారు. ఆ చిప్పుల గొప్పతనం, వాటిని ప్రోగ్రామ్ చేసుకోవచ్చు. చిప్పును లోపల నడిపించే ఆదేశాలు, అంటే మైక్రోకోడ్, మారిస్తే అదే సిలికాన్ వేరే వీడియో పద్ధతిని పట్టుకుంటుంది. చిప్పుల్ని టెస్ట్ చేసి బతికేవాణ్ణి కాబట్టి అదెంత కష్టమైన పనో నాకు తెలుసు. ఒకే పని చేసే చిప్పును సరిచూడటానికే నెలలు పట్టేది.

1997లో వాళ్ళు చిప్పులతో ఆగకుండా ఏకంగా వీడియోఫోనే అమ్మకానికి పెట్టారు. పేరు వయాటీవీ. టీవీ మీద పెట్టుకునే చిన్న పెట్టె, దాని ముఖానే కెమెరా. ఇంట్లో ఉన్న టీవీయే తెర, ఇంట్లో ఉన్న ఫోనే ఫోను, మామూలు టెలిఫోన్ తీగే దారి. ఇంటర్నెట్ అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. ఆ చివరి మాటే నన్ను పట్టేసింది. మా ఊళ్ళో కంప్యూటర్ అన్నదే లేదు. టీవీ ఉంది. 1995లో ఫోను కూడా వచ్చింది. పంచాయితీ ఆఫీసు పక్క గదిలో పెట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ వాళ్ళ 128 లైన్ల ఎక్స్ఛేంజ్. ఏసీ లేకుండా, మన ఎండల్నీ దుమ్మునీ తట్టుకుని పనిచేసేలా మన ఇంజనీర్లు చేసిన పెట్టె అది.

ఫోన్లో ముఖం చూపించాలని పెద్ద కంపెనీలు చాలా ఏళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉన్నాయి. 1964లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఏటీ అండ్ టీ పిక్చర్‌ఫోన్‌ను జనానికి చూపించింది. 1992లో అదే కంపెనీ ఇంటి ఫోను లైను మీద నడిచే వీడియోఫోన్ తెచ్చింది, ధర 1500 డాలర్ల దాకా. నేను వచ్చేనాటికి రోజులు మారాయి. హెచ్.324 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఖాయమైంది. మామూలు ఫోను లైను మీద మోడెమ్ పెట్టి బొమ్మనీ మాటనీ కలిపి ఎలా పంపాలో అందులో ఉంది. దాన్ని పాటిస్తే ఒక కంపెనీ ఫోను ఇంకో కంపెనీ ఫోనుతో మాట్లాడుతుంది. వయాటీవీ కూడా ఆ ప్రమాణం ప్రకారం చేసిందే.

ఆ ఏడాది బోనస్‌లో చాలా భాగం పెట్టి రెండు పెట్టెలు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి మా ఊరికి.

రెండోదాన్ని ఊరు చేర్చడానికి నెల పట్టింది. డిసెంబరులో సెలవుకు వెళుతున్న స్నేహితుడు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని హైదరాబాదు తీసుకెళ్ళాడు. అమెరికా పెట్టెకు 110 వోల్టులు, మన గోడకు 230. అందుకని మా బావ కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాడు. టీవీ ఇంకో చిక్కు. అమెరికా టీవీలు ఎన్టీఎస్సీ, మనవి పాల్. అదృష్టం కొద్దీ మా ఇంట్లో కొత్తగా కొన్న కలర్ టీవీ రెండు పద్ధతులనీ తీసుకునేది.

ఈ పాల్, ఎన్టీఎస్సీ గొడవ గురించి ఒక ముక్క చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన ముక్క. వీడియోఫోన్ల కోసం బొమ్మ కొలతను ఖాయం చేసేటప్పుడు ప్రమాణాలు రాసినవాళ్ళు రెండు రకాల దేశాలకూ సరిపోయేలా మధ్యేమార్గం వెతికారు. నిలువున ఎన్ని గీతలుండాలన్నది పాల్ నుంచి తీసుకున్నారు, 288. సెకనుకు ఎన్ని బొమ్మలన్నది ఎన్టీఎస్సీ నుంచి తీసుకున్నారు, దాదాపు 30. పెళ్ళిలో రెండు వైపులవాళ్ళ మాటా నిలబెట్టినట్టు. ఫోను లైనుకు అది కూడా ఎక్కువే కాబట్టి అందులో నాలుగో వంతు, అడ్డంగా 176 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు వాడారు. శాంటా క్లారాలో నా గదికీ తెనాలి పక్కన మా ఇంటికీ మధ్య తిరిగిన బొమ్మ కొలత అదే.

బావకు అక్షరం అక్షరం తెలుగులో ఉత్తరం రాశాను. గోడ నుంచి వచ్చే ఫోను తీగ ఏ కన్నంలో పెట్టాలి, ఫోను దేంట్లో పెట్టాలి, టీవీకి వెళ్ళే పసుపు తీగ ఎక్కడ. ఫోను కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు ‘పి’, ఇంకో వైపు ‘టి’ అని, అది ‘టి’ వైపే ఉండాలి అని ఎర్ర ఇంకుతో రాశాను. ఆ పెట్టెకు విడిగా రిమోట్ గానీ బటన్లు గానీ అక్కర్లేదు. ఫోను మీది అంకెలే దానికి బటన్లు. ఆ అంకెల చప్పుడు దానికి వినబడాలంటే స్విచ్ టోన్ వైపు ఉండాల్సిందే. బావ వ్యవసాయం చేసే మనిషి. మోటారు పంపు విప్పి బిగించినంత శ్రద్ధగా ఆ పెట్టెను బిగించాడు.

1998 సంక్రాంతి వెళ్ళిన వారం. మాకు శనివారం సాయంత్రం ఆరున్నర, వాళ్ళకు ఆదివారం పొద్దున ఎనిమిది. మామూలుగానే ఫోను కలిపాను. నాన్న ఎత్తాడు. “ఏరా, ఇప్పుడేం చెయ్యమంటావు?” అన్నాడు. “ఏం చెయ్యకండి నాన్నా, ఫోను పట్టుకుని టీవీ వైపు చూస్తూ ఉండండి. కాసేపు మాట వినపడదు, పెట్టెయ్యకండి” అని రెండుసార్లు చెప్పి, హాష్ నొక్కాను.

మాట తెగిపోయింది. రెండు మోడెములు ఒకదాన్నొకటి పలకరించుకునే ఆ కీచుమన్న చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అర నిమిషం ఉంటుంది. అంత టెన్షన్ పరీక్ష ఫలితాలప్పుడు కూడా పడలేదు. నా తెర మీద నా బొమ్మ మాత్రమే ఉంది. తర్వాత తెర నల్లబడి, ఒక మూల నుంచి బూడిదరంగు గళ్ళు నిండటం మొదలైంది. ఒక గడి తెల్లబడింది. పక్క గడి గోధుమరంగు తిరిగింది. మధ్యలో ఏదో కదిలింది. ఆ కదిలింది నాన్న తల అని, గొంతు తిరిగి వచ్చాక తెలిసింది. “ఒరేయ్, కనపడుతున్నావురా!” అన్నాడు. ఆ ఇంట్లో అంత పెద్ద గొంతు నేనెప్పుడూ వినలేదు.

గళ్ళు అన్నది ఊరికే అన్న మాట కాదు. ఆ బొమ్మ నిజంగానే గళ్ళు. 176 చుక్కల్ని 16 చొప్పున కోస్తే అడ్డంగా 11 గళ్ళు. 144ను 16 చొప్పున కోస్తే 9 వరసలు. మొత్తం 99. ఒక్కో గడిని మళ్ళీ నాలుగు చిన్న గళ్ళు చేస్తారు. ఆ చిన్న గడిలో అడ్డం 8 చుక్కలు, నిలువు 8 చుక్కలు. ఎయిట్ బై ఎయిట్. నేను రోజూ కారులోంచి చూస్తున్న బోర్డు మీది పేరు ఆ చిన్న గడిదే. కంపెనీ ఆ పేరు ఎందుకు పెట్టుకుందో తెలిసినరోజు, ఒక కంపెనీకి ఇంత చక్కటి పేరు ఇంకోటి ఉండదనిపించింది. తాము రోజంతా చెక్కే రాయినే పేరుగా పెట్టుకున్నారు.

ఆ గడితో చేసే పని ఇది. గడిలోని 64 చుక్కల వెలుగునూ విడివిడిగా పంపరు. అన్నీ కలిపి సగటున ఎంత వెలుగుందో ముందు పట్టుకుంటారు. ఎడమ నుంచి కుడికి వెలుగు మెల్లగా మారుతోందా, పై నుంచి కిందకి మారుతోందా, సన్నటి చారలున్నాయా అని ఒక్కోటీ విడదీస్తారు. కన్ను పెద్దగా పట్టించుకోని సన్నటి వివరాలను వదిలేసి మిగిలిన కొద్ది అంకెల్నే పంపుతారు. ఈ లెక్కను డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అంటారు. 1974లో ఆ పత్రాన్ని రాసింది ముగ్గురు: బెంగళూరు నుంచి వెళ్ళిన నాసిర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో పాఠాలు చెప్పిన కె.ఆర్. రావు. ఈ ఆలోచన మీద పనిచేయడానికి 1972లో అహ్మద్ గ్రాంటు అడిగితే రాలేదు. అయినా వదల్లేదు. కె.ఆర్. రావు గారి ఇంటిపేరు కామిశెట్టి. ఆఫీసు లైబ్రరీలో ఆ పేరు చూసిన రోజు గుండె ఉప్పొంగింది. ఆ పెద్దాయన 2021 జనవరిలో పోయారు. ఇవాళ మనం ఫోన్లో తీసే ప్రతి జేపెగ్ ఫొటోలోనూ ఆ లెక్క ఉంది.

ఇంత చేసినా లైను ఇరుకే. పెట్టెలోని మోడెమ్ సెకనుకు 33.6 కిలోబిట్ల దాకా వెళ్ళగలదు. సముద్రాలు దాటి వచ్చే లైను మీద నాకు మామూలుగా 21.6 దొరికేది. అందులో మాటకు 6.3 పోతుంది. ముఖానికి మిగిలేది 15. ఉన్న బొమ్మను ఉన్నట్టు పంపితే ఒక్క బొమ్మకే మూడు లక్షల బిట్లు, అంటే 20 సెకన్లు. ఆ పెట్టె అదే లైను మీద సెకనుకు ఐదారు బొమ్మలు పంపేది. అందులోని చిప్పు ఎంత పని చేసేదో ఆ తేడాలోనే ఉంది.

దానికి ఇంకో ఉపాయం కూడా తెలుసు. అమ్మకు నేను ముగ్గుతో చెప్పాను. “నిన్న వేసిన ముగ్గు చెరగలేదనుకో, ఇవాళ మొత్తం మళ్ళీ వేస్తావా?” అన్నాను. “ఎందుకు వేస్తాను, కోడి కెలికిన చోట దిద్దుతాను” అంది. “ఇదీ అంతే. ముందు బొమ్మలో ఉన్నది ఉన్నట్టు ఉంచి, కదిలిన గళ్ళనే మళ్ళీ పంపుతుంది. మొత్తం 11 గళ్ళు, 9 వరసలు.” అమ్మ ఒక్క క్షణం ఆగి, “సందు చుక్కా, ఎదురు చుక్కా?” అని అడిగింది. ఎదురు చుక్కే అన్నాను. ఆ తర్వాత ఆమెకు మళ్ళీ ఏదీ వివరించాల్సిన పని పడలేదు. బొమ్మ చెదిరితే తనే నాన్నతో “కదలకండీ, చుక్కలు కలవట్లేదు” అనేది.

నాన్నతో చిక్కు ఆయన లుంగీ. మొదటి నెలంతా ఆయన గళ్ళ లుంగీ కట్టుకునే కూర్చునేవాడు. సన్నటి గళ్ళు, అందులో ఎరుపూ నీలం చారలు. అంత సన్నటి వివరం ఉన్న బట్ట కాస్త కదిలినా చాలు, ఉన్న 15 కిలోబిట్లూ ఆ లుంగీకే ఖర్చయి, ముఖం మసకబారేది. తెల్ల పంచె కట్టుకోమని చెప్పాను. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఏడున్నరకే స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, పడక కుర్చీ కాకుండా చెక్క కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చునేవాడు. పొలం గట్ల మీద గడియ నిలవని మనిషి నా కోసం పది నిమిషాలు రాయిలా కూర్చునేవాడు. అలా కూర్చున్నప్పుడు ఆయన ముఖం మెల్లమెల్లగా తేరుకునేది. ముందు సగటు రంగు, తర్వాత ముక్కు నీడ, తర్వాత కళ్ళద్దాల అంచు. కదలని గళ్ళకు మళ్ళీ కొత్తగా ఏమీ పంపనక్కర్లేదు కాబట్టి, మిగిలిన బిట్లన్నీ ఉన్నదాన్ని మెరుగు పెట్టడానికి వెళతాయి. ఎదురుగా కూర్చున్నప్పుడు నేనెప్పుడూ నాన్న ముఖాన్ని అంతసేపు చూడలేదు.

కెమెరా టీవీ పైన, నేను టీవీలో. అందుకని వాళ్ళు నన్ను చూస్తుంటే నాకు వాళ్ళ కళ్ళు కాస్త కిందకి వాలి కనిపించేవి. నాన్నకు చెప్తే కెమెరా వైపు చూడటం మొదలుపెట్టాడు. “మరి నువ్వు కనపడట్లేదు కదరా” అన్నాడు. వద్దులెండి నాన్నా, నన్నే చూడండి అన్నాను.

అమ్మ నన్ను మొదటిసారి చూసి అడిగింది నా ఆరోగ్యం గురించి కాదు. “ఆ గోడకు క్యాలెండర్ కూడా లేదేంట్రా?” అంది. నా వెనక ఖాళీ తెల్ల గోడ. అపార్ట్‌మెంట్‌లో మేకు కొట్టనివ్వరు అని చెప్పినా వినలేదు. రెండు వారాల్లో వెంకటేశ్వర స్వామి బొమ్మ ఉన్న క్యాలెండర్ రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. టేపుతో అంటించాను. గోడ కదలదు కాబట్టి క్యాలెండర్ కూడా నా ముఖం కన్నా స్పష్టంగా వెళ్ళేది. “ఇవాళ తిథి కూడా చదవగలుగుతున్నానురా” అని ఒకసారి అంది. 176 చుక్కల బొమ్మలో తిథి కనపడే వీల్లేదు. ఆమెకు తిథి నోటికి వచ్చు, క్యాలెండర్ అక్కడుంటే చాలు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. అప్పట్లో ఇండియాకు నిమిషానికి అర డాలరు పైనే పడేది. మాటకైనా బొమ్మకైనా ఫోను లైను ఒకటే, రేటూ ఒకటే. పది నిమిషాలు పెట్టుకున్నాం. తొమ్మిదో నిమిషానికి అమ్మ చెయ్యి ఊపడం మొదలుపెట్టేది. ఆమె చెయ్యి ఊపితే ఆ గళ్ళన్నీ చెదిరి, చెయ్యి ఉన్నచోట ఒక బూడిదరంగు మబ్బు తిరిగేది. నిజానికి అమ్మ చేతులు నాకెప్పుడూ కనపడేవి కావు. మాట్లాడేటప్పుడు ఆమె చేతులు ఊరుకోవు. మాటలో సగం చేతులతోనే చెప్పేది. కూర్చున్నా చేతిలో చిక్కుడుకాయలో, మల్లెమొగ్గలో ఉండేవి. ముఖం తేరుకునేది, వెనక తలుపు తేరుకునేది, పైట అంచు తేరుకునేది, చేతుల దగ్గర మాత్రం ఎప్పుడూ మబ్బే.

వానాకాలంలో లైనులో గరగర మొదలై 14.4కు, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోయేది. కరెంటు పోతే టీవీ ఆరిపోయేది. అయినా దాదాపు రెండేళ్ళు, వారం తప్పకుండా చూసుకున్నాం. ఊళ్ళో వాళ్ళు కూడా వచ్చేవారు. పక్కింటి మామ్మ ఒకావిడ తన మనవడు డల్లాస్‌లో ఉన్నాడని, అతన్ని కూడా ఇందులో చూపించమని అడిగింది. అతని దగ్గర ఆ పెట్టె లేదని చెప్పడానికి మా అక్కకు నోరు రాలేదు. నేనే డల్లాస్‌కు ఫోను చేసి మాట్లాడాను. ఆ అబ్బాయి థాంక్స్‌గివింగ్ సెలవులకు విమానం టికెట్ కొనుక్కుని మా ఇంటికి వచ్చి, నా సోఫాలో కూర్చుని మామ్మతో మాట్లాడి వెళ్ళాడు. మామ్మ తెర మీద చెయ్యి పెట్టి చూసింది. బావ ఆ సంగతి ఇప్పటికీ చెప్తాడు.

తర్వాత కాలం తిరిగింది. ఆ కంపెనీ ఇళ్ళకు అమ్మే వీడియోఫోన్ల నుంచి పక్కకు జరిగి, ఇంటర్నెట్ మీద ఫోను మాటలు పంపే చిప్పుల వైపు వెళ్ళింది. 2000లో నెటర్జీ నెట్‌వర్క్స్ అని పేరు మార్చుకుంది, మరుసటి ఏడే మళ్ళీ 8×8 అయింది. 2002లో ప్యాకెట్8 పేరుతో ఇంటర్నెట్ ఫోను సర్వీసు మొదలుపెట్టింది, ఆ తర్వాత బ్రాడ్‌బ్యాండ్ మీద నడిచే వీడియోఫోన్లు కూడా తెచ్చింది. ఇప్పుడది ఆఫీసులకు ఫోన్లు, మీటింగులు నడిపే పెద్ద కంపెనీ. ఈలోగా తెనాలిలో నెట్ సెంటర్లు వచ్చాయి, యాహూ మెసెంజర్ వచ్చింది, 2006లో స్కైప్‌లో వీడియో వచ్చింది. మా ఇంటి పెట్టె ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా అక్క వాళ్ళింట్లో ఎక్కడో ఉంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆఖరి రోజుల్లో రోజూ వాట్సాప్‌లో కనపడేది, కంటి రెప్పలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా.

ఆ పెట్టె దేన్నీ దాచుకునేది కాదు. రికార్డు చేసే వీలు నాకు తట్టలేదు. అందుకే గుర్తున్నంతవరకు రాసి పెడుతున్నాను. అన్నిటికన్నా గట్టిగా గుర్తున్నది 1998 ఆషాఢం.

ఆ ఆదివారం ఊళ్ళో వాన లేదు. లైను 24 దాకా ఎక్కింది, అది మాకు చాలా ఎక్కువ. నాన్న పొలం వెళ్ళాడు. అమ్మ ఒక్కతే ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టుకుని, “నీకొకటి చూపిస్తాను ఉండు” అంది. రెండు అరచేతులూ ఎత్తి కెమెరా ముందు పెట్టింది. నాకు ఎప్పటి మబ్బే కనిపించింది.

“అమ్మా, కదపకు. అలాగే పట్టుకో.”

“ఎంతసేపురా?”

“నేను చెప్పేదాకా.”

పట్టుకుంది. మబ్బు విడిపోయి రెండు మట్టిరంగు ముద్దలయింది. ముద్దల పైన చీలికలు వచ్చాయి. చీలికలు వేళ్ళయ్యాయి. ఒక్కో గడీ ఒక్కోసారి కొద్దికొద్దిగా సర్దుకుంటోంది, ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి వెనక. వేళ్ళ కొసలకు ఎరుపు తిరిగింది. అరచేతి మధ్య గుండ్రంగా ఇంకో ఎరుపు. గోరింటాకు. రుబ్బి రాత్రి పెట్టుకుని పొద్దున్నే కడిగినట్టుంది. ఈ పద్ధతిలో వెలుగుకు నాలుగు గళ్ళు ఇస్తే ఒక్కో రంగు వివరానికి ఒకటే గడి ఇస్తారు. అందుకని ఆ ఎరుపు వేలి అంచు దగ్గర ఆగలేదు. వేళ్ళు దాటి పక్కనున్న గోడ మీదకి కూడా కాస్త పాకింది.

“బాగా పండింది అమ్మా” అన్నాను.

“కనపడుతోందా?” అంది, చేతులు కదపకుండానే.